రిసెప్షన్ కంప్యూటర్ అడిగిన పేరు

ఆగస్టు 4, సోమవారం

మళ్లీ నెట్ లొల్లి. పొద్దున దవాఖానలో అడుగు పెట్టానో లేదో ముగ్గురు మీద పడ్డారు. ల్యాబ్ నుంచి రిపోర్టు పోవడం లేదు. మందుల కౌంటర్లో బిల్లు తెరుచుకోవడం లేదు. రిసెప్షన్లో వినోదక్క ముందు పదిమంది నిలబడి నన్నే చూస్తున్నారు, తీగలన్నీ నేనే కొరికేసినట్టు.

తీగలో తప్పు లేదని నాకు తెలుసు. ఏ సైటు తెరవాలన్నా కంప్యూటర్ ముందు దాని పేరు చెప్పి నంబర్ అడగాలి. ఆ నంబర్ చెప్పాల్సిన నెట్ కంపెనీ సర్వర్ నాలుగైదు సెకన్లు నానుస్తోంది, ఒక్కోసారి అసలు పలకడమే లేదు. మా తొమ్మిది కంప్యూటర్లూ వేటికవే పోయి దాన్ని అడుక్కుంటున్నాయి. మన దగ్గరే ఒక డీఎన్ఎస్ సర్వర్ పెట్టుకుంటే ఈ బాధ పోతుంది. అన్నీ దాన్నే అడుగుతాయి. తెలిసింది అదే చెబుతుంది, తెలియనిది బయట ఉన్న మంచి సర్వర్‌కు పంపి, జవాబు తెచ్చి ఇచ్చి, గుర్తు పెట్టుకుంటుంది. ఫార్వర్డింగ్ అంటే ఇంతే. స్టోర్ రూములో సెలైన్ డబ్బాల వెనక పాత కంప్యూటర్ ఒకటి పడి ఉంది. అది చాలు.

ధర్మేందర్‌కు చెప్పాను. సౌందర్య మేడం డాక్టర్, ఈయన ఆమె మరిది, మేనేజర్. దవాఖాన వాళ్లింటిది. కేబుల్ కొసలు బిగించే పట్టకారు అడిగితే మూడు నెలలు తిప్పుకున్న మనిషి, ఇవాళ నా మాట పూర్తి కాకముందే సరే అన్నాడు. తర్వాత తలుపు వైపు ఒకసారి చూసి అడిగాడు.

"ఎవరు ఏం తెరుస్తుండ్రో గండ్ల పడుతదా?"

"పడుతది సార్. ఒక్క లైను కలిపితే సాలు. ఏ కంప్యూటర్, ఏ పేరు అడిగింది, ఎన్ని గంటలకు, అన్నీ."

గంటల సంగతి ఆయన అడగలేదు. నేనే చెప్పాను.

ఆగస్టు 5, మంగళవారం

చెత్త రోజు. తెలియని పేర్లు రూటర్‌ను అడగమని కొత్త సర్వర్‌కు రాశాను. తెలియనివి కొత్త సర్వర్‌ను అడగమని రూటర్‌కు నిన్ననే రాసి మరిచిపోయాను. అది దీన్నీ, ఇది దాన్నీ అడుగుతూ కూర్చున్నాయి. దవాఖాన మొత్తం రెండు గంటలు ఆగిపోయింది. ఈ పనిలో పదకొండేళ్లు ఉండి ఇంత తప్పు. ల్యాబ్‌లో పనిచేసే విక్టర్ రిపోర్టులు చేత్తో రాస్తూ నా వైపు చూడను కూడా చూడలేదు.

ఆగస్టు 6, బుధవారం

నడిచింది.

మళ్లీ పనికొస్తుందని రాసి పెట్టుకుంటున్నాను. పేర్ల బాధ్యత రూటర్ నుంచి పూర్తిగా తీసేయాలి. సర్వర్ నేరుగా బయటి రెండింటికే ఫార్వర్డ్ చేయాలి, ఒకటి పలకకపోతే రెండోది. ల్యాబ్ మెషిన్ పేరు బయటికి పోకూడదు, దాని జవాబు ఇక్కడే ఇవ్వాలి. తొమ్మిది కంప్యూటర్లకూ మారని నంబర్లు ఇచ్చాను. రిసెప్షన్ పదకొండు, ల్యాబ్ పన్నెండు, ఇట్లా పంతొమ్మిది దాకా. ఇవి కాక వైఫైకి తగులుకునే ఫోన్లూ అవీ నలభై నుంచి మొదలవుతాయి.

ధర్మేందర్ అడిగిన ఆ లైను కూడా కలిపాను.

వినోదక్క చాయ్ తెప్పించింది. తొమ్మిదేళ్లుగా రిసెప్షన్లో ఆమే. రోజూ కల్హేర్ నుంచి స్కూటీ మీద వస్తుంది, వానైనా ఎండైనా. నొక్కితే తెరుచుకుంటది దత్తు, చేతిల మంత్రమున్నది నీకు అన్నది. నాకు సంతోషమేసింది. అబద్ధమెందుకు, బాగా సంతోషమేసింది.

ఆగస్టు 8, శుక్రవారం

ఛీ.

సర్వర్ రాసుకున్న పేర్ల పట్టీని ధర్మేందర్‌కు రోజూ సాయంత్రం ఐదింటికి అచ్చు తీసి ఇవ్వాలట. నిన్నటిది ఇవాళ నా ముందే చదివాడు, పేపర్ చదివినట్టు, వేలు పెట్టి ఒక్కో లైను. విక్టర్ కంప్యూటర్ నుంచి రెండో పెళ్లి సంబంధాల సైటు. భార్య పోయి ఏడాదిన్నర అయింది అతనికి. ధర్మేందర్ కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. నర్సు సిద్దమ్మ కూర్చునే వార్డు కంప్యూటర్ నుంచి, తాగుడు మాన్పించే దవాఖాన పేరు ఐదుసార్లు. ఐదు వేర్వేరు రోజుల్లో కాదు, ఒక్క మధ్యాహ్నం ఐదుసార్లు. దాని మీద కూడా నవ్వాడు. ఆమె మొగడు ఏ దుకాణం ముందు పడిపోతాడో నాకు చెప్పాడు.

పట్టీలో పేరే ఉంటుంది, లోపల ఏం చదివారో ఉండదు సార్ అన్నాను. పేరు చాలన్నాడు.

నేనూ నవ్వాను. ఆయన నవ్వుతున్నాడని. బయటికి వచ్చి నల్లా కింద ముఖం కడుక్కున్నాను.

ఆగస్టు 11, సోమవారం

ఈ పట్టీ దేని కోసమో ఇవాళ తెలిసింది. తెలిసింది అనడం కూడా దొంగ మాటే. మొదటి రోజే తెలుసు.

పోయిన నెల జిల్లా ఆఫీసు నుంచి స్కాన్ రూము చూడటానికి వచ్చారు. ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారట, ఇక్కడ కడుపులో ఉన్నది ఆడో మగో చెబుతున్నారని. వాళ్లు రిజిస్టర్ చూశారు, మెషిన్ చూశారు, అన్నీ సరిగ్గా ఉన్నాయని రాసుకుని పోయారు. వాళ్ల బండి గేటు దగ్గర ఆగగానే ధర్మేందర్ నా చేతికి ఒక నల్ల బ్యాగు ఇచ్చి కారు డిక్కీలో పెట్టమన్నాడు. పెట్టాను. ల్యాప్‌టాప్ అనుకున్నాను. ల్యాప్‌టాప్ బరువే ఉంది.

ఉత్తరం రాసినవాడు లోపలివాడే, మళ్లీ రాస్తాడు, ఈసారి ఆన్‌లైన్‌లో రాస్తాడు అంటున్నాడు ధర్మేందర్. సర్కారు ఫిర్యాదుల సైటు పేరు పట్టీలో కనబడిన రోజు చెప్పమన్నాడు.

ఆ స్కాన్ రూములో ఏం జరుగుతుందో మా ఖేడ్ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. మేడం నోరు తెరిచి ఒక్క మాట చెప్పదు. చీటీ మీద నీలం పెన్నుతో రాస్తే మగ, ఎర్ర పెన్నుతో రాస్తే ఆడ. అంతే.

మా సంగతి వేరు. అప్పుడు అమ్మ పోరు పడలేక. దాని గురించి ఇక్కడ రాయను.

ఆగస్టు 14, గురువారం

పాపకు జలుబు, కొంచెం వేడి. నా భార్య అంకిత పిల్లల డాక్టర్‌కు చూపించడానికి దవాఖానకు తెచ్చిందట. నేను అప్పుడు బస్ డిపో దగ్గర దుకాణానికి కేబుల్ కోసం పోయాను, చూడలేదు. సిరప్ రాశారు. రేపు సెలవు.

ఆగస్టు 16, శనివారం

దొరికింది.

గురువారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. పదకొండో నంబర్. ఫిర్యాదుల సైటు పేరు. తర్వాత ఇరవై ఐదు నిమిషాలలో అదే పేరు ఇంకో నాలుగుసార్లు.

పదకొండు అంటే రిసెప్షన్. రిసెప్షన్ అంటే వినోదక్క.

ఆ లైన్లు తీసేయడానికి అర నిమిషం పడుతుంది. గురువారం పట్టీ ధర్మేందర్ ఇంకా అడగలేదు, నిన్న సెలవు, ఇవాళ ఆయన బీదర్ పోయాడు. సోమవారం పొద్దున పోగానే తీసేస్తాను.

ఆగస్టు 18, సోమవారం

తీయలేదు.

నేను పోయేసరికే ధర్మేందర్ నా గదిలో నా కుర్చీలో కూర్చున్నాడు. గురువారంది తియ్యి అన్నాడు. నేను తీశాను. ఆయన లేచి నా వెనక నిలబడి చూస్తుంటే ఆ లైన్లు ఎట్లా తీసేస్తాను? కాగితం ఆయన చేతిలో పెట్టాను. ఆయన వేలు కిందికి జరుగుతూ వచ్చి అక్కడ ఆగింది.

"పదకొండు ఎవరిది?"

"రిసెప్షన్ సార్."

అంతే అన్నాను. ఏ కంప్యూటరో చెప్పాను, మనిషి పేరు చెప్పలేదు.

ఆగస్టు 19, మంగళవారం

నేను పేరు చెప్పలేదు. ఆ కుర్చీలో ఎవరైనా కూర్చోవచ్చు. ఆ మాట కూడా ఆయనకు చెప్పాల్సింది, చెప్పలేదు, కానీ పేరు మాత్రం నేను చెప్పలేదు.

ఆగస్టు 20, బుధవారం

వినోదక్కను తీసేశారు.

పదింటికి మేడం గదిలోకి పిలిచారు. పావుగంటలో బయటికి వచ్చింది. ముఖంలో ఏమీ లేదు. డ్రాయర్‌లోంచి దువ్వెన, నీళ్ల సీసా, అన్నం డబ్బా తీసుకుంది. వరుసలో నిలబడిన పేషెంటు ఒకామె టోకెన్ అడిగితే, కుర్చీలో కూర్చోకుండానే ఆమెకు టోకెన్ రాసిచ్చి పోయింది. మందుల కౌంటర్ దగ్గర నేను ఉన్నాను. నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

ఆగస్టు 21, గురువారం

కంపు కొడుతోంది ఈ చోటు. ఫినాయిల్ ఎంత పోసినా.

ఎందుకు తీసేశారని అడిగినవాళ్లందరికీ ధర్మేందర్ ఒకటే మాట చెబుతున్నాడు. ఆమె నడత మంచిగ లేదు, పేషెంట్ల వెంట వచ్చిన మగోళ్ల ఫోన్ నంబర్లు తీస్కుంటది. రిసెప్షన్లో ఫోన్ నంబర్ రాసుకోవడం ఆమె డ్యూటీ. ఆ గడి నింపకపోతే కంప్యూటర్ ముందుకే పోదు, నాకు తెలుసు, ఆ ఫారం పెట్టింది నేనే. ఈ మాట విని విక్టర్ తల ఊపాడు. సిద్దమ్మ తల ఊపింది. తొమ్మిదేళ్లు ఆమెతో కలిసి అన్నం తిన్నవాళ్లు. సాయంత్రానికి డిపో దగ్గర చాయ్ బండి దాకా పోయింది మాట. అక్కడ ఒకడు నన్నే అడిగాడు, మీ దవాఖానల గామె సంగతి నిజమేనా అన్నా అని. నాకు తెల్వదు అన్నాను.

ఆగస్టు 22, శుక్రవారం

ఊడ్చే కిష్టవ్వ నా గది ముందు చీపురు ఆపి అడిగింది.

"నా పేరు గూడ రాస్కున్నవా దత్తు, నీ మెషిన్ల?"

నువ్వు కంప్యూటర్ ముట్టవు కదా అవ్వా అన్నాను.

"ముట్టకుంటెనే మంచిగైంది" అని నా గది వదిలేసి పక్క గది ఊడ్చుకుంటూ పోయింది.

అందరికీ తెలిసిపోయింది. ఎట్లా తెలియదు? మూడు రోజుల నుంచి ఎవరూ ఏ సైటూ తెరవడం లేదు. పట్టీలో దవాఖాన పనులు తప్ప ఏమీ లేవు. సిద్దమ్మ కంప్యూటర్ నుంచి ఆ తాగుడు మాన్పించే దవాఖాన పేరు కూడా మళ్లీ రాలేదు. ఆమె ఇప్పుడు ఎక్కడ వెతుక్కుంటోందో.

ఇంట్లో అంకిత రెండుసార్లు అడిగింది, వినోదక్కను ఎందుకు తీసేసిండ్రు అని. ఆఫీసు సంగతులు నీకెందుకు అన్నాను. అన్నం కలిపిన చెయ్యి అట్లాగే పెట్టుకుని నన్ను చూసింది. తినకుండా లేచింది.

ఆగస్టు 24, ఆదివారం

కల్హేర్ పోయి వచ్చాను. జరిగింది జరిగినట్టు రాయాలి. లేకపోతే రేపటికి ఇంకో రకంగా చెప్పుకుంటాను.

వాన తెరిపి ఇచ్చింది. వినోదక్క ఇంటి ముందు పెసరకాయలు ఆరబోసి, తడిసి నల్లబడ్డవి ఏరుతోంది. మొగడు చేను దగ్గర ఉన్నాడట. నన్ను చూసి లేవలేదు, పొమ్మనలేదు. మెట్టు మీద కూర్చున్నాను. తప్పైంది అక్కా అన్నాను. ఏం తప్పు అన్నది. పట్టీ సంగతి మొత్తం చెప్పాను. ధర్మేందర్ ఆ కాగితాన్నే ఆమె ముందు పెట్టి అడిగాడట, ఆమె కుర్చీ నుంచే ఫిర్యాదు పోయిందని. నువ్వు చేసింది మంచి పనే, నేనే దాన్ని బయటపెట్టాను అన్నాను. దానికి ఆమె చేతిలో కాయలు కింద పెట్టింది.

"నేను తెరవలే దత్తు గా సైటు. నాకంత ధైర్యం యాడిది."

మరెవరు అన్నాను.

"నిజంగ తెల్వదా నీకు?"

తెలియదన్నాను. అప్పటికి నిజంగానే తెలియదు. అప్పుడు చెప్పింది.

"గా దినం నీ పెండ్లాం పాపను తీస్కొచ్చింది. పిల్లల డాక్టర్ అన్నానికి పోయిండు. అక్కా, జర నీ కంప్యూటర్ల ఒకటి రాస్కోవాలె అన్నది. నా కుర్చీల కూసోవెట్టి, పాపను ఎత్తుకొని నేను అటు పోయిన."

పెసరకాయల మీద ఈగలు ముసురుతున్నాయి. మరి ధర్మేందర్ అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు, నీ కొలువు పోతుంటే, నీ మీద ఇంత పాడు మాట పడుతుంటే అన్నాను.

"చెప్పి? ఆ పిల్లను మీ ముంగట నిలవెట్టాల్నా? అప్పుడు గా రూములకెళ్లి తెచ్చి పండవెట్టినప్పుడు పొద్దుమూకెదాంక నా చెయ్యి ఇడవలే అది. నువ్వు ప్రింటర్ కాడ ఉంటివి."

ఆమె మళ్లీ కాయలు ఏరడం మొదలుపెట్టింది. బండి స్టార్ట్ చేస్తుంటే, ఆ పిల్లను ఏమీ అనకు అని మాత్రం అన్నది.

ఇంటికొచ్చేసరికి అంకిత పాపకు జడ వేస్తోంది. పాపను అమ్మ దగ్గరికి పంపి అడిగాను. అవును అన్నది. పోయిన నెల ఉత్తరం కూడా తానేనన్నది. ఉత్తరానికి పేరు లేదని ఎవరూ పట్టించుకోలేదు, అందుకే ఈసారి పేరుతో, ఊరితో, చీటీ ఫోటోతో సహా పెట్టిందట. ఆ ఎర్ర పెన్ను చీటీ రెండేళ్లుగా చీరల మడతలో దాచుకుంది. ఇంట్లో అది ఉందని నాకు తెలియదు.

నీ ఫోన్లో రాయొచ్చు కదా, దవాఖాన దాకా పోయి రాయడమేంది అన్నాను. ఆమె గొంతు పెంచలేదు.

"నా ఫోన్ నువ్వు దినాం చూస్తవు. నేను పండుకున్నననుకుంటవు."

ఆగస్టు 25, సోమవారం

డ్యూటీకి పోలేదు. జ్వరమని ఫోన్ చేశాను.

రాయను అనుకున్నది రాస్తాను.

రెండేళ్ల కింద అంకితకు ఐదో నెల. స్కాన్ చేయించుదామన్నది నేను. స్టాఫ్ అని ధర్మేందర్ మాకు వరుస లేకుండా పంపాడు. చీటీ ఎర్ర పెన్నుతో వచ్చింది. అంకిత చదువుకున్నదే కానీ ఆ పెన్ను సంగతి ఆమెకు తెలియదు, నాకు తెలుసు. కడుపు తీసేయమని మేడంతో మాట్లాడింది నేను. అంకితతో, లోపల బిడ్డ ఎదుగుదల సరిగా లేదని చెప్పింది కూడా నేనే. ఆమె ఏడుస్తుంటే, డాక్టర్ చెప్పినంక మనమేం చేస్తం అన్నాను. తర్వాత ఎప్పుడో ఎవరి నోటో పెన్ను సంగతి విని ఉంటుంది. నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. అడగనందుకు నేను లోలోపల సంతోషించాను.

అమ్మ పోరు అని రాశాను ఇక్కడే, పై పేజీలో. అమ్మ ఏమీ అనలేదు. అమృతమ్మ అనే ఆ ముసలామెకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. మొదటి మనవరాలిని చంక దించదు. కొడుకు కావాలన్నది నేను. ఎందుకు అని నన్ను ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక్క కారణం కూడా లేదు. అందరికీ ఉన్నాడు, నాకూ ఉండాలనుకున్నాను.

ఆ రోజు బిల్లింగ్‌లో ప్రింటర్ పాడైంది. నేను దాని ముందు కూర్చున్నాను. అది నిజంగా పాడైందో లేదో కూడా ఇప్పుడు గుర్తు లేదు.

ధర్మేందర్ మీద ఇన్ని రోజులు ఛీ అని రాసుకున్నాను. అన్నీ మళ్లీ చదివాను.

ఆగస్టు 26, మంగళవారం

పొద్దున అంకిత నాతో మాట్లాడింది. రెండు రోజుల్లో మొదటి మాట. "నీ మెషిన్ మా ఆడోళ్లయే రాస్తదా, వాళ్లయి గూడ రాస్తదా?"

అందరివీ రాస్తుంది అన్నాను. మరి చూడు అన్నది.

దవాఖానకు పోయి తలుపేసుకుని మొదటి రోజు నుంచి మొత్తం పట్టీ చదివాను. ఇన్నాళ్లూ ఆ తొమ్మిది నంబర్లే చూశాను, ధర్మేందర్ చూడమన్నవి. నలభై పైన ఉన్నవి ఎవరివో ఫోన్లని వదిలేశాను. ఫోన్ అయితే పదిహేను రకాల పేర్లు అడుగుతుంది. నలభై ఏడో నంబర్ ఒక్కటే పేరు అడుగుతోంది, స్కాన్ మెషిన్లు తయారుచేసే కంపెనీ పేరు. మెషిన్ వేయగానే అడుగుతుంది, తర్వాత మళ్లీ మళ్లీ. రిజిస్టర్లో చూపించిన స్కాన్ మెషిన్ పాతది, దానికి నెట్ తీగే లేదు, నాకు బాగా తెలుసు. ఇది ఇంకొకటి. చేత్తో పట్టుకుపోయేది. వారంలో రెండు మూడు రోజులు, కానీ ఆదివారం మాత్రం తప్పదు. ఆదివారం ఓపీ ఉండదు. పదో తారీఖు, పదిహేడు, ఇరవై నాలుగు, పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా.

నేను కారు డిక్కీలో పెట్టిన నల్ల బ్యాగు ఇదే.

నలభై ఏడుకు సంబంధించినవి మాత్రం అచ్చు తీశాను, పద్నాలుగు కాగితాలు. తర్వాత సర్వర్ సెట్టింగుల్లోంచి నేను కలిపిన ఆ లైను తీసేశాను. ఫార్వర్డింగ్ నడుస్తూనే ఉంటుంది, ఎవరు ఏం అడిగారన్నది ఇక రాసుకోదు. ధర్మేందర్ ఐదింటికి పట్టీ అడిగితే డిస్క్ నిండింది, కొత్తది కావాలి అన్నాను. కొత్త డిస్క్ అనగానే మూడు నెలలు తిప్పుకునే మనిషి కదా, తర్వాత చూద్దాం అన్నాడు.

ఆగస్టు 28, గురువారం

ఇద్దరం సంగారెడ్డిలో జిల్లా ఆఫీసుకు పోయాం. పాపను అమ్మ దగ్గర ఉంచాం.

ఆఫీసర్ నడి వయసు ఆవిడ. అంకిత ఫిర్యాదు ఆమె బల్ల మీదే ఉంది. రెండు రోజుల్లో మనిషిని పంపేవాళ్లమే అన్నది. కాగితాలు చూసి, ఇవేంటో చెప్పమన్నది. చెప్పాను. పేరు అడగడం, నంబర్ చెప్పడం, ఫార్వర్డ్ చేయడం అంతా. ఆమె రెండుసార్లు మళ్లీ అడిగి రాసుకుంది. మరి మేం వచ్చిన రోజు ఆ మెషిన్ మాకెందుకు కనబడలేదని అడిగింది.

"నేనే కారుల పెట్టిన మేడం" అన్నాను.

పెన్ను ఆపింది. ఇది కేసయితే అడిగినవాళ్లూ దోషులే, భార్యను తీసుకుపోయిన భర్త కూడా, మీ పేరు కూడా ఇందులోకి వస్తుంది, తెలిసే వచ్చారా అన్నది. నేను తలూపాను. అంకిత కిటికీ వైపు చూస్తోంది.

సెప్టెంబర్ 1, సోమవారం

నిన్న ఆదివారం పదిన్నరకు మామూలు బళ్లలో వచ్చారట. గేటు దగ్గర ఆగకుండా నేరుగా లోపలికి. స్కాన్ రూములో మెషిన్ నడుస్తోంది, బల్ల మీద మనూర్ వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల ఉంది, బయట ఇంకో నలుగురు. మెషిన్ సీజ్ చేసి, గదికి సీలు వేశారు. ధర్మేందర్‌ను జీపెక్కించారు. మేడం సాయంత్రం తానే పోలీసు స్టేషన్‌కు పోయిందట. దవాఖాన మూసేశారు.

పొద్దున విక్టర్ ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. నాకు ఇగ కొలువు లేదు, నీ పుణ్యమే అన్నాడు. సిద్దమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. ఆ పట్టీలు పోలీసుల దగ్గరికి పోయాయా, తన పేరు అందులో ఉందా అని. నేను ఇచ్చిన కాగితాల్లో ఆమెవి లేవు. కానీ ఆ సర్వర్ కంప్యూటర్‌ను కూడా తీసుకుపోయారు. రెండూ ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఫోన్ పెట్టేసింది.

వినోదక్కకు చేశాను. జరిగింది చెప్పాను. సరే అన్నది. నీ మీద వాళ్లు వేసిన మాట అబద్ధమని ఖేడ్‌లో అడిగిన ప్రతివాడికీ నేనే చెబుతా అక్కా అన్నాను.

"చెప్పు" అన్నది. పెట్టేసింది.

మధ్యాహ్నం చాయ్ బండి దగ్గరికి పోయి చెప్పాను, అప్పుడు నన్ను అడిగినవాడికే. విన్నాడు. కానీ ఊకెనే అంటరా అన్నా ఎవరన్న అన్నాడు. మళ్లీ చెప్పాను. అక్కడున్న ఇంకో ముగ్గురికీ చెప్పాను. పట్టీ ఇచ్చింది నేనేనని కూడా చెప్పాను. ఒకడు తన గ్లాసు తీసుకుని దూరంగా జరిగి నిలబడ్డాడు.

సెప్టెంబర్ 3, బుధవారం

వాంగ్మూలం ఇవ్వడానికి మళ్లీ సంగారెడ్డి. ముందు నాది. పక్క కుర్చీలో అంకిత.

రాసుకునే ఆయన ఒక్కొక్కటే అడిగాడు. ఎవరు చేయించమన్నారు? నేనే. ఆమెకు తెలిసి చేశారా? తెలియదు, నేను అబద్ధం చెప్పి తీసుకుపోయాను. మీ తల్లిదండ్రుల ఒత్తిడి ఏమైనా ఉందా? లేదు. ప్రతి జవాబుకూ ఆయన ముఖం కొంచెం కొంచెంగా ముడుచుకుపోయింది. నాకు దక్కాల్సింది అదే.

ఏ తారీఖు అన్నాడు. రెండేళ్ల కింద, వానాకాలం అన్నాను. తారీఖు కావాలన్నాడు. జులై కావచ్చు అన్నాను, ఆగస్టు కూడా కావచ్చు. ఆయన పెన్ను పట్టుకుని ఎదురుచూశాడు. ఎంత తలకొట్టుకున్నా నాకు రాలేదు.

"జులై ఇరవై ఒకటి" అన్నది అంకిత. "శుక్రవారం. పదకొండు దాటింది."

ఆయన రాసుకున్నాడు. నేను కింద సంతకం పెట్టాను.

తిరుగు బస్సులో ఆమె ముందు ఆడవాళ్ల సీట్లో కూర్చుంది. నేను వెనక నిలబడ్డాను. ఖేడ్ వచ్చేదాకా ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.